సాయంత్రానికి తేమ ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. రెండెకరాల నల్లరేగడిలో డ్రిప్పు మీద మిర్చి వేశాను. మా అబ్బాయి విజయవాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన తేమ సెన్సర్ ఒకటి (నల్లటి పట్టీలా ఉంటుంది) బోదెలో నాలుగంగుళాల లోతున పెట్టి మోటారుకు కలిపాడు. గాలిలో 0, గ్లాసు నీళ్లలో 100 అని సెట్ చేశాడు. 32కి తగ్గితే మోటారు వేసుకోవాలి, 38 దాటితే ఆగాలి. కానీ అది తెల్లవారుజామున 31 చూపిస్తుంది, మధ్యాహ్నం రెండింటికి 33, సాయంత్రం ఐదింటికి 36. పొద్దున్నకి మళ్లీ కిందికి దిగుతుంది. అనుమానం వచ్చి ఆటో తీసేసి, నీళ్లు పెట్టకుండా మూడు రోజులు చూశాను. పొద్దుటి అంకె 31, 30, 29 అని రోజుకొకటి తగ్గింది గానీ, సాయంత్రం అయిదు పెరగడం మాత్రం ఆగలేదు. మట్టి చేత్తో పట్టి చూస్తే సాయంత్రం తేమ పెరిగినట్టు నాకేమీ అనిపించదు. సెన్సర్ పాడైందా? లేక ఎండకు కింది చెమ్మ పైకి వస్తోందా? ‘నాన్నా, నీ చెయ్యి కన్నా మిషనే కరెక్ట్’ అంటాడు వాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌గా ఉంది. ఎవరిని నమ్మాలి?

సమాధానం: తేమ పెరగలేదని మీ చెయ్యి చెప్పింది నిజం. అలాగని సెన్సర్ పాడవనూ లేదు. పెరిగింది నేలలో నీరు కాదు, వేడి. మీ సెన్సర్‌కి ఆ రెండింటికీ తేడా తెలియదు. ఆటో ఇప్పటికే తీసేశారు కాబట్టి కొన్నాళ్లు అలాగే ఉంచండి. ఈ లోపు తడి ఎప్పుడివ్వాలో మీ చెయ్యే చెప్పాలి.

కింది నీరు పైకి వస్తోందేమో అన్నారు. ఆ అనుమానం తప్పేమీ కాదు. నేలలో ఆవిరి వేడి ఉన్నచోటి నుంచి చల్లగా ఉన్నచోటికి కదులుతుంది. అయితే పగలు పైన వేడి, కింద చల్లన కాబట్టి ఆ ఆవిరి వెళ్లేది కిందికే, పైకి కాదు. పైగా లెక్క చూడండి. నాలుగంగుళాల మందం మట్టిలో అయిదు శాతం తేమ పెరగడమంటే అయిదు మిల్లీమీటర్ల వాన పడినట్టు. ఎకరానికి ఇరవై వేల లీటర్లు. అంత నీరు రోజూ సాయంత్రానికి వచ్చి, తెల్లారేసరికి మళ్లీ పోవాలి. మీ బోరు కూడా అంత నీరు ఊరికే ఇవ్వదు. కాబట్టి ఆ అయిదు శాతం నీరు కాదు.

మరి సెన్సర్ చూస్తున్నది దేన్ని? చాలామంది అనుకున్నట్టు అది నీటిని నేరుగా కొలవదు. పట్టీ చుట్టూ ఒక విద్యుత్ క్షేత్రాన్ని సృష్టించి, చుట్టూ ఉన్న పదార్థం దానికి ఎంతగా స్పందిస్తుందో చూస్తుంది. ఈ స్పందన గుణాన్నే పర్మిటివిటీ అంటారు. గాలికి అది 1. ఎండు మట్టికి 3 నుంచి 5 దాకా. నీటికి సుమారు 80. ఇంత తేడా ఉంది కాబట్టి, మట్టిలో నీరు కాస్త పెరిగినా మొత్తం పర్మిటివిటీ బాగా పెరుగుతుంది. సెన్సర్‌లోని సర్క్యూట్ ఆ పెరుగుదలని వోల్టేజిగా మారుస్తుంది, మీ వాడు రాసిన ప్రోగ్రాం ఆ వోల్టేజిని శాతంగా మారుస్తుంది. అంటే మీ ఫోన్‌లో కనిపించే 36 మట్టిలోంచి నేరుగా వచ్చింది కాదు, ఇన్ని చేతులు మారి వచ్చిన అంకె. ఆ ప్రతి మెట్టు మీదా ఉష్ణోగ్రత చెయ్యి పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోకుండా ఇంటర్నెట్‌లో దొరికిన సూత్రం పెట్టేస్తే తప్పు రెండింతలవుతుంది. అందుకే దీని దగ్గర కాస్త ఆగి చెబుతాను.

నీటిని మాత్రమే తీసుకుంటే, వేడెక్కే కొద్దీ దాని పర్మిటివిటీ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర 80 ఉన్నది 25 దగ్గర 78కి, 40 దగ్గర 73కి దిగుతుంది. లేత పొద్దుతిరుగుడు మొక్కలన్నీ ఒకే వైపు తల తిప్పి నిలబడ్డట్టు, నీటి అణువులు విద్యుత్ క్షేత్రం వైపు తిరిగి నిలబడాలని చూస్తాయి. వేడి అంటే ఆ చేలో వీచే గాలి దుమారం. గాలి పెరిగే కొద్దీ తలలు చెదురుతాయి, ఒక వైపు నిలవవు. ఈ లెక్కన వేడెక్కిన తడి మట్టి సెన్సర్‌కి మరింత ఎండినట్టు కనిపించాలి. ఇసుక నేలల్లో, ఉప్పు తక్కువున్న చోట, నిజంగా అలాగే జరుగుతుంది. ఆ తేడా కూడా పెద్దది కాదు. 35 శాతం దాకా తేమ ఉన్న మట్టి 25 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే నీటి గుణం మారడం వల్ల వచ్చే తగ్గుదల ఒక శాతం, ఒకటిన్నర శాతం మాత్రమే.

మీ పొలంలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేడెక్కితే పెరిగింది, అదీ అయిదు శాతం. ఎందుకంటే మీది నల్లరేగడి.

నల్లరేగడిలో ఎక్కువగా ఉండేది మాంట్‌మోరిల్లోనైట్ జాతి బంకమట్టి. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు బారేది అందుకే. దాని పలకలు ఎంత పలచనివంటే, ఒక్క గ్రాము బంకలో లోపలి, బయటి ముఖాలన్నీ పరిచి కొలిస్తే వందల చదరపు మీటర్లు వస్తుంది. ఆ ముఖాలకు విద్యుదావేశం ఉంటుంది. వాటి చుట్టూ కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు మూగి ఉంటాయి. దానికి తోడు మనం డ్రిప్పులో ఇచ్చే పొటాష్, నైట్రేట్లు, బోరు నీళ్లలోని ఉప్పు. ఇవన్నీ కలిసి తడి నల్లరేగడిని కరెంటు పారే నేలగా చేస్తాయి. ఈ కరెంటు పారే గుణం, అంటే వాహకత, ప్రతి డిగ్రీ వేడికీ సుమారు రెండు శాతం పెరుగుతుంది. నేల తొమ్మిది డిగ్రీలు వేడెక్కితే వాహకత దాదాపు అయిదో వంతు పెరిగినట్టే. మంచి సెన్సర్ ఈ వాహకతని వేరు చేసి, పర్మిటివిటీని మాత్రమే చూడాలి. తక్కువ ధరలో వచ్చే పట్టీ సెన్సర్ అలా వేరు చేయలేదు. రెండూ కలిసిపోయి, వాహకత పెరిగినా అది నీరు పెరిగినట్టే చూపిస్తుంది.

ఎందుకు వేరు చేయలేదన్నది మీ వాడికి నచ్చే లెక్క. అతనికి చదివి వినిపించండి. వాహకత వల్ల కొలతలో వచ్చి కలిసే భాగాన్ని నష్టభాగం అంటారు. అది సెన్సర్ ఫ్రీక్వెన్సీకి విలోమంగా మారుతుంది. నేల వాహకత మీటరుకు ఒక డెసీసీమెన్స్ ఉందనుకుందాం. 1 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఖరీదైన పరికరంలో ఈ నష్టభాగం రెండు లోపు. మట్టి అసలు పర్మిటివిటీ 20 ఉంటే దాని ముందు రెండు లెక్కలోకి రాదు. 70 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే మధ్యరకం సెన్సర్‌లో అది 26కి చేరుతుంది, అంటే అసలు అంకెకి సమ ఉజ్జీ. 555 టైమర్ చిప్పుతో 1 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడిచే పట్టీలో అది 1800. మీరు తెప్పించింది ఈ చివరి రకమే అయి ఉంటుంది. పట్టీ మీద పూత ఉంటుంది కాబట్టి ఆ 1800 అంతా సర్క్యూట్‌కి చేరదు. కానీ ఎంత చేరినా అది 20ని మింగేయడానికి చాలు.

1980లో కెనడాకు చెందిన టాప్, డేవిస్, అన్నన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పర్మిటివిటీ నుంచి తేమ శాతం రాబట్టే సమీకరణం ఒకటి ఇచ్చారు. ఇప్పటికీ దాన్ని విస్తృతంగా వాడుతున్నారు. ఉష్ణోగ్రత వల్ల పెద్ద తేడా రాదని వాళ్లు అప్పుడు గమనించారు. ఆ మాట పట్టుకుని చాలామంది ఉష్ణోగ్రతని పట్టించుకోరు. కానీ వాళ్లు కొలిచింది ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర. అదే మాట చవక పట్టీకి, అందులోనూ నల్లరేగడికి అన్వయిస్తే కుదరదు. పైగా బంక నేలల్లో ఖరీదైన పరికరాలు కూడా వేడికి కాస్త పెరిగినట్టు చూపిస్తాయి. బంక ముఖాలకు గట్టిగా అతుక్కున్న నీటిపొర సెన్సర్‌కి పూర్తి నీరులా కనిపించదు. వేడికి ఆ పట్టు కొంత సడలుతుంది, అప్పటిదాకా దాక్కున్న నీరు కొంత బయటపడుతుంది. 1999లో రెయిత్, ఓర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతి వివరించారు. ఇంటర్నెట్‌లో దొరికే ‘టెంపరేచర్ కరెక్షన్’లలో కొన్ని ఇసుక నేలకి రాసినవి. అవి వేడికి తగ్గిన అంకెను పెంచుతాయి. మీ నేలకి వేడికి పెరిగిన అంకెను తగ్గించాలి. గుర్తు తారుమారైతే మీ 36 కాస్తా 41 అవుతుంది.

సరే, ఇదంతా మట్టిలో జరిగేది. పైనున్న డబ్బాలో సర్క్యూట్ బోర్డు కూడా ఎండకు వేడెక్కుతుంది కదా, తప్పు దానిదేమో అని మీ వాడు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. గట్టు మీద డబ్బా అన్నిటికన్నా వేడిగా ఉండేది మధ్యాహ్నం రెండు ప్రాంతంలో. తప్పు అక్కడిదే అయితే మీ అంకె రెండింటికే శిఖరానికి చేరాలి. కానీ రెండింటికి 33 మాత్రమే ఉంది, ఐదింటికి 36 అయింది. నేల పైపొర ఒంటిగంట, రెండు మధ్య మాడిపోయినా, ఆ వేడి నాలుగంగుళాలు దిగడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. మీ శిఖరం సరిగ్గా ఆ ఆలస్యంతోనే వచ్చింది. కాబట్టి ఎక్కువ తప్పు మట్టి వేడిదే. రోజుకు మూడుసార్లు టైము వేసి రాసుకోబట్టే ఈ సంగతి ఇక్కడ కూర్చుని చెప్పగలుగుతున్నాను.

మిగతా సగం జవాబు కోసం ఒక పరీక్ష చేయండి. ఇద్దరూ కలిసే చేయండి. పదిహేను లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకుని, అదే బోదె నుంచి పదును మీద ఉన్నప్పుడు తెచ్చిన మట్టిని పొరలు పొరలుగా అదిమి పది లీటర్ల దాకా నింపండి. మధ్యలో సెన్సర్, దాని పక్కనే ఒక ఉష్ణోగ్రత ప్రోబ్. డీఎస్18బీ20 అని స్టీలు గొట్టంలో వచ్చేది చాలు. మనకు కావలసిన వేడి మేరకు అది అర డిగ్రీ తేడాలో సరిగ్గా చెబుతుంది. పైన పాలిథిన్ కవరు కప్పి, నీరు ఆవిరి కాకుండా తాడుతో బిగించండి. కిరాణా కొట్టు కాటా మీద తూచి బరువు రాసుకోండి. ఒకరోజు బకెట్ ఇంట్లో నీడన ఉంచి, సర్క్యూట్ డబ్బా ఒక్కటే ఎండలో పెట్టండి. మర్నాడు డబ్బా ఇంట్లో ఉంచి, బకెట్ ఎండలో పెట్టండి. రెండు రోజులూ గంటకోసారి అంకె, ఉష్ణోగ్రత రాసుకోండి. చివర్లో మళ్లీ తూచండి. పది లీటర్ల మట్టిలో ఒక శాతం తేమ అంటే వంద మిల్లీలీటర్లు, అంటే వంద గ్రాములు. బరువు యాభై గ్రాములకు మించి తగ్గకపోతే నీరు అర శాతం కూడా పోనట్టు. అప్పుడు అంకెలో వచ్చిన మార్పంతా వేడిదే. మొదటి రోజు మార్పు డబ్బాది, రెండో రోజు మార్పు మట్టిది. డబ్బాది కూడా ఎక్కువగా ఉంటే దాన్ని తెల్లటి డబ్బాలోకి మార్చి, మొక్కల నీడలోకి జరిపితే చాలావరకు తగ్గుతుంది.

ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి. ఒకసారి తడి ఇచ్చిన మర్నాటి మట్టితో, ఒకసారి బెట్టకు వచ్చిన మట్టితో. నీరు ఎక్కువున్న మట్టిలో వేడి చూపే తేడా ఎక్కువగా ఉంటుంది, ఎండిన మట్టిలో తక్కువగా ఉంటుంది. ఒకే అంకెతో రెంటినీ సరిచేయకూడదు.

బకెట్ కుదరకపోతే పొలంలోనే ఉజ్జాయింపు లెక్క వేయొచ్చు. సెన్సర్ పక్కనే, అదే లోతులో ప్రోబ్ పెట్టండి. తెల్లవారుజామున నేల 26 డిగ్రీలు, సాయంత్రం ఐదింటికి 35 ఉందనుకుందాం. సాయంత్రం అంకె 36. కానీ ఆ 36ని పొద్దుటి 31తో మాత్రమే పోల్చకూడదు. పగలంతా మొక్క నీరు తాగింది కదా. అందుకే ఆ పొద్దుటి 31, మర్నాటి పొద్దుటి 30, రెంటికీ మధ్య 30.5 తీసుకోండి. 36లోంచి అది తీసేస్తే 5.5. తొమ్మిది డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి సుమారు 0.6. ఇక ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చాలు: చూపిన అంకెలోంచి, నేల ఉష్ణోగ్రత 26 కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే అన్ని 0.6లు తీసేయాలి. 26 కన్నా తక్కువుంటే కలపాలి. సాయంత్రం 36 అప్పుడు 30.6 అవుతుంది. ఇవి నేను వేసుకున్న ఉదాహరణ అంకెలు. మీ ప్రోబ్ ఏం చెబితే దానితో మీ లెక్క వేసుకోండి, నా 0.6ని అలాగే పెట్టేయకండి.

‘ఇదంతా ఎందుకు, తెల్లవారుజామున మాత్రమే చూసుకుంటే సరిపోదా’ అనిపించొచ్చు. తెల్లవారుజాము అంకె అన్నిటికన్నా నమ్మదగినదన్నది నిజమే. మీరు గమనించిన రోజుకొక శాతం తగ్గుదల, అదీ అసలు సంగతి. మీ మొక్కలు రోజూ తాగుతున్న నీటి జాడ అది. మీకు కావలసిన సమాచారం అందులోనే ఉంది. సాయంత్రపు అయిదు శాతం ఊపులో అది కనపడకుండా పోయింది. అందుకే మోటారు నిర్ణయం రోజుకి ఒక్కసారి, ఉదయం అయిదు, ఆరు మధ్య జరిగేలా మార్చమని మీ వాడికి చెప్పండి. ఈ ఒక్క మార్పుతో రోజువారీ గందరగోళం తగ్గిపోతుంది.

కానీ రుతువు మారే సంగతి ఒకటుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. ఫిబ్రవరి మొదట్లో తెల్లవారి నేల 24 డిగ్రీలుంటే, మార్చి చివరికి 30 కావొచ్చు. ఆరు డిగ్రీలు. డిగ్రీకి 0.6 చొప్పున 3.6 శాతం. నీరు అంతే ఉన్నా సెన్సర్ మూడున్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. రోజుకి ఒక శాతం తగ్గే నేలలో, అంటే మీ మోటారు మూడు రోజులు ఆలస్యంగా వేసుకుంటుంది. ఎండలు ముదిరే కొద్దీ మొక్కకి నీరు ఎక్కువ కావాలి, సెన్సర్ మాత్రం ఇంకా చాలు అంటుంది. ఇది ఒక్కరోజులో కనపడదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల క్రితం తాడికొండ వైపు ఒక మిర్చి తోటలో, మార్చి నెలలో, మధ్యాహ్నం మూడున్నరకి చేతి మీటరు గుచ్చి చూసి ‘ఇంకో మూడు రోజులు ఆగొచ్చు’ అని ఒక రైతుకి చెప్పాను. ఆయన ఆకులు చూసి ‘వాడినట్టుంది కదండీ’ అన్నారు. అంకె తేమ ఉందంటోంది కాబట్టి ఎండకు తలవాల్చాయని, సాయంత్రానికి లేస్తాయని నచ్చజెప్పాను. నా మాట మీద ఆయన ఆగారు. మూడో రోజు పూత, పిందె రాలిపోయింది. ఆ నేల వేడెంతో నేను కొలవలేదు. పొద్దున్నే ఒకసారి వచ్చి చూడలేదు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి ఉష్ణోగ్రత రాయకుండా తేమ అంకె ఒక్కటీ రాయలేదు నేను. మీరూ అలాగే చేయండి. పుస్తకంలో తేమ పక్కన వేడి గడి ఖాళీగా ఉంటే ఆ రోజు అంకెని లెక్కలోకి తీసుకోకండి.

పెట్టిన చోటు సంగతి. నాలుగంగుళాలు మరీ పైన. రోజువారీ వేడి ఊపు లోతుకి వెళ్లే కొద్దీ వేగంగా చస్తుంది. నేలను బట్టి, తేమను బట్టి మారుతుంది గానీ, నాలుగంగుళాల దగ్గర పైపొర ఊపులో సగానికి కాస్త తక్కువ ఉంటే, ఎనిమిది అంగుళాల దగ్గర అయిదో వంతుకి పడిపోతుంది. అడుగు లోతులో పదో వంతు కూడా ఉండదు. మిర్చి వేళ్లు ఎక్కువగా నీరు లాగేది కూడా ఆ పొరల్లోనే. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు దించండి. డ్రిప్పర్‌కి సరిగ్గా కింద కాకుండా జానెడు పక్కగా పెట్టండి. పట్టీని పడుకోబెట్టకండి, దాని మీద నీరు నిలుస్తుంది. అంచు పైకి ఉండేలా నిలబెట్టండి. పెద్ద గొయ్యి తీసి వదులుగా పూడ్చడం అన్నిటికన్నా చెడ్డది. పాత కత్తితో పట్టీ కన్నా కాస్త ఇరుకైన చీలిక చేసి, అందులోకి నెట్టి, రెండు వైపులా గట్టిగా అదమండి. ఓ వారం పాటు ఆ అంకెలు పట్టించుకోకండి, మట్టి కుదురుకోవాలి. బెట్టకు వచ్చినప్పుడు పట్టీ పక్కనే నెర్రె పడితే అందులోకి గాలి చేరుతుంది. అంకె ఒక్కసారిగా జారిపోతుంది. అలా హఠాత్తుగా ఏడెనిమిది శాతం పడితే మోటారు వేయకముందు వెళ్లి చూడండి.

పట్టీ బోర్డు అంచులు కోసినచోట పూత ఉండదు. అక్కడినుంచి తేమ లోపలికి చేరి, నెలా రెండు నెలల్లో అంకెలు జరిగిపోతాయి. అంచుల చుట్టూ ఎపాక్సీ గానీ, అది లేకపోతే రెండు మూడు పూతలు నెయిల్ పాలిష్ గానీ వేసి ఆరనివ్వండి. పైన చిప్పులున్న భాగం మొత్తం ఎపాక్సీతో మూసేయండి. డ్రిప్పులో ఎరువు ఇచ్చిన రోజు అంకె పెరిగితే అది నీరు కాదు, ఉప్పు. ఆ రోజులకు పుస్తకంలో ఒక గుర్తు పెట్టుకోండి.

ఇక గాలిలో 0, గ్లాసులో 100. మీ వాడు చేసింది సెన్సర్ బతికుందో లేదో చూడటానికి పనికొస్తుంది, తేమ శాతానికి మాత్రం పనికిరాదు. మీ 31 నిజంగా 31 శాతం కాదు. అది రెండు చివరల మధ్య ఎక్కడున్నామో చెప్పే కొలబద్ద మాత్రమే. అసలు శాతం కావాలంటే మట్టిని తూచి, ఎండబెట్టి, మళ్లీ తూచాల్సిందే. లాబ్‌లో 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచుతారు. వంద ఘన సెంటీమీటర్లు పట్టే స్టీలు గొట్టం ముక్కతో, సెన్సర్ ఉన్న లోతులోనే మట్టి తీయండి. అది తడిగా 162 గ్రాములుండి, ఎండాక 130 అయితే నీరు 32 గ్రాములు. వంద ఘన సెంటీమీటర్లలో 32 గ్రాములంటే ఘనపరిమాణం ప్రకారం 32 శాతం. అదే 32ని 130తో భాగిస్తే బరువు ప్రకారం 24.6 శాతం వస్తుంది. రెండూ ‘తేమ శాతం’ అనే పేరుతోనే తిరుగుతాయి, జాగ్రత్త. సెన్సర్ చెప్పాల్సింది మొదటిది. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం లాం ఫారంలో అడిగితే ఎండబెట్టే పద్ధతి దగ్గరుండి చూడొచ్చు. ఇంట్లోనే చేయాలంటే పెనం మీద సన్నటి సెగన కలియబెడుతూ, రెండుసార్లు వరుసగా తూచినా బరువు మారనంత దాకా ఎండబెట్టండి. ఎండలో ఆరబెడితే చాలదు, బంకలో నీరు మిగిలిపోతుంది.

ఇలా తడి ఇచ్చిన మర్నాడు ఒకటి, మీరు ‘ఇక నీళ్లు పెట్టాలి’ అనుకున్న రోజు ఒకటి, ఆ మధ్యలో రెండు, మొత్తం నాలుగు నమూనాలు తీస్తే మీ పొలానికి సొంత కొలబద్ద వస్తుంది. ‘ఇక నీళ్లు పెట్టాలి’ అని నిర్ణయించేది మీరే, మీ చేత్తోనే. మట్టి ఉండ చేసి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టీలా నొక్కితే ఎంత దూరం సాగుతుందో, ఎక్కడ తెగుతుందో మీకు తెలుసు. నల్లరేగడిలో 20 శాతానికి పైగా నీరుండగానే మొక్క వడలిపోతుంది, అదే 20 శాతం ఇసుక నేలలో పుష్కలం. ఆ గీత ఎక్కడ గీయాలో ఏ సెన్సర్ తనంతట తాను చెప్పలేదు. మోటారు వేసే అంకె 32 అని ఎక్కడినుంచి వచ్చిందో మీ వాడిని అడగండి. మీ చెయ్యి చెప్పిన రోజు సరిచేసిన అంకె ఎంతుందో, ఆ అంకెనే ప్రోగ్రాంలో పెట్టమనండి.

అతన్ని మాత్రం కోప్పడకండి. సెలవులకు ఇంటికొచ్చి పొలంలో దిగి మోటారుకు సెన్సర్ కలిపిన పిల్లవాడు అతను. ఉష్ణోగ్రత సంగతి తెలియకపోవడం పెద్ద తప్పు కాదు, పెద్ద పరికరాలు వాడేవాళ్లు కూడా ఇక్కడ పొరబడ్డారు. అతను కూడా మీ చేతిని ఒక కొలతగా తీసుకుని పుస్తకంలో రాయాలి: ఉదయం అంకె, నేల వేడి, నాన్న చేతికి పదునా, బెట్టా. ఈ మూడు గడులు నెలరోజులు నిండితే ఎవరిది కరెక్టన్నది ఆ కాగితమే చెబుతుంది.

పక్క రైతులు టెన్షియోమీటర్ పెట్టమని చెబితే అదీ మంచిదే. నీటిని మొక్క ఎంత బలంగా లాగాలో అది నేరుగా చెబుతుంది. ఉప్పు దాన్ని మోసం చేయలేదు. కానీ 80 సెంటీబార్ల దాకానే పనిచేస్తుంది, బెట్టకు వచ్చిన నల్లరేగడిలో గొట్టంలోకి గాలి చొరబడి ఆగిపోతుంది. తరచూ నీరు నింపుతూ ఉండాలి. ఎండకు గొట్టంలో మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి దాన్ని కూడా పొద్దున్నే చూడాలి. జిప్సం దిమ్మె లాంటి నిరోధకత సెన్సర్లు కూడా వేడికి తడి ఎక్కువున్నట్టే చూపిస్తాయి. వాటికీ పక్కన ఉష్ణోగ్రత ప్రోబ్ కావాల్సిందే.

బకెట్ పరీక్ష అయ్యాక నాకు మళ్లీ రాయండి. తడి మట్టికి డిగ్రీకి ఎంత, బెట్ట మట్టికి డిగ్రీకి ఎంత, డబ్బా ఒక్కటే ఎండలో ఉన్నప్పుడు ఎంత. ఈ మూడూ పంపితే ప్రోగ్రాంలో ఏం రాయాలో మీ వాడికి అర్థమయ్యేలా విడిగా రాసి పంపుతాను. బోరు నీటి పరీక్ష కాగితం ఉంటే దాని నకలు కూడా జత చేయండి. అందులో ఈసీ (నీటి వాహకత) అని ఉన్న గడి నాకు కావాలి.